మంచులో డిస్నీ, అద్దంలో దయ్యం

1976 డిసెంబరు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, లాంగ్ బీచ్ సముద్రతీరం. అక్కడ ‘ది పైక్’ అనే పాత వినోదాల పార్కు ఉండేది. అందులో ‘లాఫ్ ఇన్ ది డార్క్’ అనే చీకటి రైడులో ‘సిక్స్ మిలియన్ డాలర్ మ్యాన్’ టీవీ సీరియల్ షూటింగుకి ఏర్పాట్లు జరుగుతున్నాయి. ఉరితాడుకి వేలాడుతున్న ఒక బొమ్మ అడ్డంగా ఉందని బృందంలో ఒకతను దాన్ని పక్కకి జరపబోయాడు. బొమ్మ చెయ్యి విరిగి వచ్చింది. విరిగిన చోట మైనం లేదు, గుడ్డపీలికలూ లేవు. ఎముక ఉంది. మెరిసే రంగు పూసి, జనాన్ని జడిపించడానికి వేలాడదీసిన ఆ బొమ్మ ఒక మనిషి శవం.

లాస్ ఏంజెలెస్‌లో మరణ విచారణ అధికారి కార్యాలయం దానికి పోస్టుమార్టం చేయించింది. శరీరం ఎండి బిగుసుకుపోయింది తప్ప కుళ్లలేదు. కణజాలంలో ఆర్సెనిక్ బాగా ఉంది. ఆర్సెనిక్ సూక్ష్మజీవుల్ని బతకనివ్వదు. అందుకే ఒకప్పుడు అమెరికాలో శవాలు చెడిపోకుండా దాన్ని రక్తనాళాల్లోకి ఎక్కించేవారు. 1920ల నాటికి ఆ పద్ధతి పోయి ఫార్మాల్డిహైడ్ వాడకం స్థిరపడింది. అంటే ఈ మనిషి అంతకుముందే చనిపోయి ఉండాలి. కటి భాగంలో తూటాకి చెందిన రాగి తొడుగు దొరికింది. నోట్లో 1924 నాటి ఒక సెంటు నాణెం, లూయిస్ సన్నీ అనే ప్రదర్శకుడు నడిపిన నేరాల మ్యూజియం టికెట్టు కనిపించాయి.

ఆ టికెట్టు ఆధారంగా వెనక్కి వెళ్తే పేరు బయటపడింది: ఎల్మర్ మెకర్డీ. 1911 అక్టోబరులో ఓక్లహామాలో రైలు దోచుకుని, మూడు రోజులకే కాల్పుల్లో చనిపోయిన దొంగ. దోపిడీలో అతని ముఠాకి దక్కిన నగదు 46 డాలర్లు. శవం కోసం ఎవరూ రాకపోవడంతో, దాన్ని భద్రపరిచిన వ్యక్తి డబ్బు తీసుకుని జనానికి చూపించడం మొదలుపెట్టాడు. కొన్నేళ్ల తర్వాత ఒక ప్రదర్శన కంపెనీ వాళ్లు అన్నదమ్ములమని చెప్పి తీసుకుపోయారు. ఊళ్లు తిరిగి, యజమానులు మారి, చివరికి అది శవమన్న సంగతే అందరూ మరిచిపోయారు. పాత ఫొటోలతో పుర్రెను పోల్చి చూసి నిపుణులు అతను మెకర్డీయేనని ఖాయం చేశారు. 1977 ఏప్రిల్లో ఓక్లహామాలోని గత్రీ పట్టణంలో అంత్యక్రియలు చేశారు. మళ్లీ ఎవరూ తవ్వి తీయకుండా శవపేటిక మీద కాంక్రీటు పోశారు.

ఈ సంగతి ఎవరైనా నోటిమాటగా చెబితే కట్టుకథ అనుకుంటాం. మరోవైపు, ఆ తీరానికి దగ్గర్లోనే ఉన్న అనాహైమ్ డిస్నీలాండ్ గురించి ఇంకో కథ దశాబ్దాలుగా తిరుగుతోంది. పార్కు స్థాపకుడు వాల్ట్ డిస్నీ శరీరాన్ని గడ్డకట్టించి, ‘పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్’ రైడు అడుగున దాచారట. వైద్యశాస్త్రం ముందుకెళ్లాక ఆయన్ని మళ్లీ లేపుతారట. అంత డబ్బు, అంత సాంకేతిక పరిజ్ఞానం, అంత ముందుచూపు ఉన్న మనిషి కాబట్టి చేయించుకునే ఉంటాడని అనిపిస్తుంది. అయితే మొదటి కథ అక్షరాలా నిజం, రెండోది పూర్తిగా అబద్ధం.

థీమ్ పార్కుల చుట్టూ అల్లుకున్న పుకార్లను పరిశీలిస్తే పదేపదే తేలే సంగతి ఇదే. ఒక కథ నమ్మేలా ఉందా లేదా అన్నది దాని నిజానికి కొలత కాదు. దాని వెనక తేదీ, పత్రం, పదార్థం, పనిచేసే విధానం ఉన్నాయా అన్నదే కొలత. ఒక్కో కథనూ ఆ కొలతతో చూద్దాం.

నాలుగు వారాల తేడా

వాల్ట్ డిస్నీ 1966 డిసెంబరు 15న కాలిఫోర్నియాలోని బర్బ్యాంక్‌లో, తన స్టూడియో ఎదురుగా ఉన్న సెయింట్ జోసెఫ్ ఆసుపత్రిలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయాడు. డిసెంబరు 17న దహనం జరిగింది. చితాభస్మం గ్లెండేల్‌లోని ఫారెస్ట్ లాన్ శ్మశానవాటికలో ఉంది. అక్కడ చిన్న తోటలో గోడమీద ఆయన పేరున్న ఫలకం నేటికీ కనిపిస్తుంది. దహనం చేసిన శరీరాన్ని గడ్డకట్టించడం కుదరదు కాబట్టి విషయం ఇక్కడితో తేలిపోయినట్టే. మరి కథ ఎలా పుట్టింది?

కారణాలు ఆ రోజుల్లోనే ఉన్నాయి. ఆయన జబ్బు సంగతి బయటికి చెప్పలేదు. పోలో ఆటలో ఎప్పుడో తగిలిన పాత దెబ్బకి చికిత్స అని ప్రకటించారు. అంత్యక్రియలు కుటుంబం వరకే జరిగాయి, అవి జరిగిన సంగతి ముగిశాకే లోకానికి తెలిసింది. ప్రతి ఆదివారం టీవీలో కనిపించే మనిషి ఒక్కసారిగా మాయమయ్యాడు. సరిగ్గా నాలుగు వారాలకి, 1967 జనవరి 12న, జేమ్స్ బెడ్‌ఫర్డ్ అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు మరణించిన వెంటనే ఆయన కోరిక ప్రకారం శరీరాన్ని గడ్డకట్టించారు. క్రయానిక్స్ పద్ధతిలో భద్రపరిచిన మొదటి మనిషి ఆయనే. ఇది జరిగింది కూడా లాస్ ఏంజెలెస్ ప్రాంతంలోనే. అదే ఏడాది మార్చి 18న ‘పైరేట్స్’ రైడు ప్రారంభమైంది. వాల్ట్ దగ్గరుండి చూసుకున్న చివరి రైడుల్లో అదొకటి. ఒకే ఊరు చుట్టుపక్కల, మూడు నెలల్లో మూడు సంఘటనలు. జనం నోట్లో అవి కలిసిపోయి ఒక్క కథ అయ్యాయి. 1972లో వాల్ట్ కుమార్తె డయాన్ ఈ ప్రచారాన్ని ఖండించారు. బెడ్‌ఫర్డ్‌ను భద్రపరిచిన సంఘానికి నాయకుడైన రాబర్ట్ నెల్సన్ కూడా డిస్నీని గడ్డకట్టించలేదనే చెప్పాడు. అయినా కథ ఆగలేదు.

ఒకవేళ గడ్డకట్టించారనే అనుకుందాం. అప్పుడు శరీరానికి ఏమవుతుంది? మన కణాల్లో ఎక్కువ భాగం నీరు. నీరు మంచుగా మారితే దాదాపు 9 శాతం వ్యాకోచిస్తుంది. మామూలుగా ముందు కణాల బయట ఉన్న నీరు గడ్డకడుతుంది. మంచులో ఉప్పు ఇమడదు కాబట్టి మిగిలిన ద్రవంలో ఉప్పు గాఢత పెరిగిపోతుంది. ఆ గాఢత కణాల లోపలి నీటిని బయటికి లాగేస్తుంది. కణాలు ముడుచుకుపోతాయి, పొరలు దెబ్బతింటాయి. లోపల కూడా మంచు స్ఫటికాలు ఏర్పడితే పొరలు చిరిగిపోతాయి.

దీనికి విరుగుడు వెతికే క్రమంలో 1949లో ఇంగ్లండు శాస్త్రవేత్తలు పోల్జ్, స్మిత్, పార్క్స్ గ్లిజరాల్ కలిపితే కోడిపుంజు వీర్యకణాలు గడ్డకట్టినా బతుకుతాయని కనుక్కున్నారు. ఇవాళ సంతాన సాఫల్య కేంద్రాల్లో పిండాలను మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాచగలగడం ఆ దారిలో సాధించినదే. అక్కడ నీటిని మంచు కానివ్వకుండా, స్ఫటికాలు లేని గాజులాంటి స్థితికి తెస్తారు. పిండం సూక్ష్మమైనది కాబట్టి రక్షక రసాయనం ప్రతి కణానికీ చేరుతుంది, చల్లదనం అంతటికీ ఒకేసారి పాకుతుంది. పెద్ద అవయవంలో ఈ రెండూ కష్టం. తిరిగి వేడిచేసేటప్పుడు ఒకచోట త్వరగా, ఒకచోట మెల్లగా వేడెక్కితే కణజాలం పగులుతుంది. 2023లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుక మూత్రపిండాలను 100 రోజుల వరకు ఇలా దాచి, ఐరన్ ఆక్సైడ్ నానోకణాల సాయంతో ఒకే తీరుగా వేడిచేసి, వేరే ఎలుకలకి అమర్చి పనిచేయించారు. చిక్కుడుగింజ పరిమాణంలో ఉండే అవయవానికే ఇంత కాలం, ఇంత శ్రమ పట్టింది. 1966లో ఒక మనిషి శరీరాన్ని మళ్లీ లేచేలా భద్రపరచడం ఎవరికీ సాధ్యమయ్యే పని కాదు.

అదే ‘పైరేట్స్’ రైడు గురించి ఇంకో మాట ఉంది. అందులో కనిపించే ఎముకల గూళ్లు నిజమైన మనుషులవని. ఇది మాత్రం ఒకప్పుడు నిజమే. 1967లో దొరికే ప్లాస్టిక్ అస్థిపంజరాలు సహజంగా లేవని, రూపకర్తలు యూసీఎల్ఏ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం నుంచి అసలువి తెప్పించారు. తర్వాతి కాలంలో మంచి నకళ్లు తయారయ్యాక వాటిని తీసేసి, అసలు ఎముకలకు తగిన గౌరవంతో అంత్యక్రియలు జరిపించారు. ఒకే రైడు గురించి రెండు పుకార్లు. నమ్మదగినట్టున్నది అబద్ధం, నమ్మలేనిది నిజం.

దయ్యాల భవనంలో భౌతికశాస్త్రం

డిస్నీలాండ్‌లో ‘హాంటెడ్ మ్యాన్షన్’ అనే దయ్యాల భవనం బయటి కట్టడం 1963కే పూర్తయింది. జనాన్ని లోపలికి రానిచ్చింది 1969 ఆగస్టులో. మధ్యలో ఆరేళ్లు ఖాళీగా ఎందుకుంది? ప్రయోగాత్మకంగా లోపలికి వెళ్లిన ఒకాయన భయంతో గుండె ఆగి చనిపోయాడని, అందుకే మార్చి కట్టారని ప్రచారం. అసలు కారణం పనివాళ్ల కొరత. 1964, 1965 సంవత్సరాల్లో జరిగిన న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనకి డిస్నీ సంస్థ నాలుగు ప్రదర్శనలు తయారుచేసి ఇవ్వాల్సి వచ్చింది. నిపుణులంతా అటు వెళ్లారు. ఆ తర్వాత వాల్ట్ మరణం. లోపల భయపెట్టాలా, నవ్వించాలా అన్న విషయంలో రూపకర్తలు ఒక మాట మీదికి రావడానికి కూడా సమయం పట్టింది.

ఆ భవనంలో విందు జరుగుతున్న పెద్ద హాలు ఒకటి ఉంది. పైనుంచి చూస్తుంటే పారదర్శకమైన ఆకారాలు జంటలుగా నాట్యం చేస్తుంటాయి, బల్ల దగ్గర కనిపించి మాయమవుతుంటాయి. అవి హోలోగ్రాములని చాలామంది నమ్మకం. నిజానికి ఆ విద్య 1862 నాటిది. లండన్ రాయల్ పాలిటెక్నిక్‌లో జాన్ హెన్రీ పెప్పర్ దాన్ని రంగస్థలం మీద చూపించి పేరు తెచ్చుకున్నాడు. దానికి మూలమైన ఆలోచన హెన్రీ డర్క్స్ అనే ఇంజినీరుది. రాత్రి బస్సులో లోపల లైటు వెలుగుతుంటే కిటికీ అద్దంలో మన ముఖం బయటి చెట్ల మీద తేలుతున్నట్టు కనిపిస్తుంది కదా, అదే సూత్రం. అద్దం వెనకున్నది కనబడనిస్తూనే ముందున్న వెలుగులో కొంత తిప్పి పంపుతుంది. దయ్యాల భవనంలో ప్రేక్షకులకీ హాలుకీ మధ్య పెద్ద పెద్ద గాజు పలకలు ఉన్నాయి. నాట్యం చేసే బొమ్మలు ప్రేక్షకులకు కనబడకుండా వాళ్ల పైనా కిందా చీకట్లో తిరుగుతుంటాయి. వాటి మీద దీపం వేస్తే గాజులో ప్రతిబింబం పుట్టి, హాలులో ఉన్నట్టు తోస్తుంది. దీపం ఆర్పితే దయ్యం మాయం. బొమ్మ గాజుకి ఎంత ముందుందో, ప్రతిబింబం అంత వెనక కనిపిస్తుంది కాబట్టి అది సరిగ్గా కుర్చీలోనో బల్ల మీదో కూర్చునేలా కొలిచి అమర్చారు.

ఇంకోచోట రెండు విగ్రహాల ముఖాలు మనం కదిలిన కొద్దీ మనవైపే తిరుగుతాయి. లోపల యంత్రమేదీ లేదు. అవి బయటికి పొడుచుకొచ్చిన ముఖాలు కావు, లోపలికి గుంటగా చెక్కినవి. పుట్టినప్పటి నుంచి ముక్కు బయటికే ఉన్న ముఖాలు చూసిన మన మెదడు, గుంట ముఖాన్ని కూడా ఉబ్బెత్తు ముఖంగానే అర్థం చేసుకుంటుంది. ఆ పొరపాటు వల్ల మనం జరిగినప్పుడు వచ్చే మార్పు, అది తల తిప్పుతున్నట్టు కనిపిస్తుంది. విగ్రహం బోలుగా ఉందని తెలిసినా ఈ భ్రమ పోదు. చూపు అనేది కంటితో ఆగదని, మెదడు తన అనుభవంతో దాన్ని కడుతుందని చెప్పడానికి రిచర్డ్ గ్రెగరీ వంటి శాస్త్రవేత్తలు ఈ భ్రమనే ఉదాహరణగా వాడారు.

ఈ భవనం గురించి నమ్మబుద్ధి కాని నిజం ఒకటి ఉంది. కొందరు తమవాళ్ల చితాభస్మాన్ని రహస్యంగా తెచ్చి అక్కడ చల్లుతారు. 2018లో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక పార్కు పారిశుద్ధ్య సిబ్బందితో మాట్లాడి ఈ సంగతి రాసింది. చితాభస్మంలో ఎక్కువ భాగం ఎముకల్లోని కాల్షియం ఫాస్ఫేట్. అందులోని సన్నని పొడి గాల్లోకి లేవకుండా పట్టే హెపా ఫిల్టర్లున్న వ్యాక్యూమ్ యంత్రాలతో దాన్ని తీస్తారు. చనిపోయిన మనిషికి ఇష్టమైన చోటని వాళ్లు చేసే ఈ పని నిబంధనలకి విరుద్ధం. అయినా దాని వెనకున్న దుఃఖం నిజమైనది. ఇలాంటి సంఘటనలు ఉన్నప్పుడు, ఆ భవనంలో నిజంగానే ఎవరో తిరుగుతున్నారన్న కథలు పుట్టకుండా ఉండవు.

కోట ఎత్తు, కొండలో బాస్కెట్‌బాల్, నేల కింద నగరం

ఫ్లోరిడాలో డిస్నీ సంస్థ మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు 1971 అక్టోబరు 1న ప్రారంభమైంది. తుపాను వస్తే అక్కడి సిండరెల్లా కోటను విడగొట్టి దాచేస్తారన్న మాట విస్తృతంగా ప్రచారంలో ఉంది. అది ఉక్కు చట్రం మీద కట్టిన శాశ్వత భవనం, పెనుగాలుల్ని తట్టుకునేలా రూపొందించినది. విడగొట్టే ఏర్పాటేదీ లేదు. కోట గురించి ఎక్కువమందికి తెలియని నిజం దాని ఎత్తులో ఉంది: 189 అడుగులు. అమెరికాలో 200 అడుగుల ఎత్తుకి చేరిన కట్టడాలకి విమానాలకోసం హెచ్చరిక దీపం పెట్టాల్సి వస్తుంది. రాకుమారి కోట మీద ఎర్రదీపం మిణుకుమిణుకుమంటే అందం చెడుతుంది కాబట్టి ఎత్తును అంతకు లోపే ఉంచారు. పైకి వెళ్లే కొద్దీ కిటికీలు, రాళ్ల అచ్చులు చిన్నవి చేస్తూ పోయారు. దూరంగా ఉన్నవి చిన్నగా కనిపిస్తాయన్న అలవాటు వల్ల, చిన్నగా ఉన్నదాన్ని మన కన్ను దూరంగా ఉన్నట్టు లెక్కవేసుకుంటుంది. దాంతో కోట ఉన్నదానికంటే చాలా ఎత్తుగా తోస్తుంది.

డిస్నీలాండ్‌లోని మాటర్‌హార్న్ కొండ 147 అడుగులు. స్విట్జర్లాండ్‌లోని అసలు శిఖరంలో నూరోవంతు. క్రీడా భవనాలకి తప్ప అంత ఎత్తుకి అనుమతి లేదు కాబట్టి కొండ లోపల బాస్కెట్‌బాల్ కోర్టు కట్టి అధికారుల్ని ఒప్పించారని ఒక కథ. అలాంటి నిబంధన ఏదీ లేదు. అయితే కొండ పైభాగంలో ఖాళీ జాగా ఉంది. బయట కొండెక్కే ప్రదర్శన ఇచ్చే సిబ్బంది విరామంలో ఆడుకోవడానికి అక్కడ ఒక బాస్కెట్‌బాల్ రింగు బిగించారు. రింగు నిజం, చట్టం కల్పన.

మ్యాజిక్ కింగ్‌డమ్ నేల కింద రహస్య నగరం ఉందన్న కథ మాత్రం చాలావరకు నిజం. దాదాపు 9 ఎకరాల మేర నడవాలు ఉన్నాయి. దుస్తులు మార్చుకునే గదులు, సిబ్బంది భోజనశాల, చెత్తను గాలి ఒత్తిడితో గొట్టాల్లో లాగేసే ఏర్పాటు అన్నీ అక్కడే. అయితే అవి నేలను తవ్వి కట్టినవి కావు. ఫ్లోరిడాలో కొద్దిగా తవ్వితే చాలు నీళ్లు పడతాయి. అందుకని నడవాలను నేలమట్టంలోనే కట్టి, పక్కన సరస్సు కోసం తవ్విన మట్టిని వాటి చుట్టూ పోసి, ఆపైన పార్కు నిర్మించారు. సందర్శకులు నేల అనుకుని నడిచేది నిజానికి మేడ మీద.

ఇక, డిస్నీ పార్కుల్లో ఇంతవరకు ఎవరూ చనిపోలేదని, చనిపోయినా గేటు దాటించాకే ప్రకటిస్తారని చెప్పుకుంటారు. ఇది తప్పు. 1964లో మాటర్‌హార్న్ రైడులో ప్రమాదం జరిగి ఒక కుర్రాడు ప్రాణాలు కోల్పోయాడు. 1998 డిసెంబరు 24న ‘కొలంబియా’ ఓడను ఒడ్డుకి కట్టే ఇనుప కొక్కెం ఊడి సందర్శకులకి తగిలింది, వారిలో ఒకరు చనిపోయారు. ఆ తర్వాతే, 1999లో, శాశ్వత వినోద పార్కుల రైడులను రాష్ట్ర ప్రభుత్వం తనిఖీ చేయాలని, ప్రమాదాలను తప్పనిసరిగా తెలియజేయాలని కాలిఫోర్నియా చట్టం చేసింది. పుకారు పుట్టడానికి వీలిచ్చిన సంగతి వైద్యపద్ధతిలో ఉంది. అంబులెన్సు సిబ్బంది ఒకసారి గుండెను తిరిగి కొట్టించే ప్రయత్నం మొదలుపెడితే, చాలా సందర్భాల్లో ఆసుపత్రి చేరేదాకా కొనసాగిస్తారు. మరణాన్ని సాధారణంగా నిర్ధారించేది వైద్యుడు. అందువల్ల కాగితం మీద మరణస్థలం తరచూ ఆసుపత్రే అవుతుంది. ఇది చాలాచోట్ల ఉన్న పద్ధతి. కుట్ర కాదు.

“నేను కళ్లారా చూశాను”

ఇలాంటి కథలు చెప్పేవాళ్లలో ఎక్కువమంది అబద్ధాలకోరులు కారు. మా పిన్ని కొడుకు అక్కడ పనిచేశాడు, నా స్నేహితురాలు చూసింది అంటారు. కొందరు తామే చూశామంటారు. ఆ మాటను శాస్త్రం ఎలా అర్థం చేసుకుంటుందో చెప్పే ప్రయోగం ఒకటి డిస్నీలాండ్‌నే వాడుకుని జరిగింది.

ఎలిజబెత్ లాఫ్టస్ జ్ఞాపకశక్తి మీద పనిచేసే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త. 2002లో ఆమె, సహ పరిశోధకులు కొందరికి డిస్నీ పార్కు ప్రకటన చూపించారు. చిన్నప్పుడు పార్కుకి వెళ్లినప్పుడు బగ్స్ బన్నీ అనే కుందేలు వేషధారి చెయ్యి కలిపిన సంగతి గుర్తు తెచ్చుకోమని అందులో ఉంది. ఆ ప్రకటన పరిశోధకులు తయారుచేసిన బూటకం. బగ్స్ బన్నీ వార్నర్ బ్రదర్స్ సంస్థ పాత్ర, డిస్నీ పార్కులో అడుగుపెట్టే అవకాశమే లేదు. అయినా చూసినవాళ్లలో 16 శాతం మంది తాము చిన్నప్పుడు అక్కడ బగ్స్ బన్నీతో చేతులు కలిపామని చెప్పారు. తర్వాతి ప్రయోగాల్లో అలాంటి ప్రకటనల్ని ఎక్కువసార్లు చూపిస్తే ఆ సంఖ్య 25 నుంచి 36 శాతానికి పెరిగింది. జ్ఞాపకం అంటే భద్రపరిచిన ఫొటో కాదు. తలచుకున్న ప్రతిసారీ మెదడు దాన్ని ముక్కలతో తిరిగి కూరుస్తుంది. ఆ ముక్కల్లో విన్నవీ, చూసినవీ, ఊహించినవీ కలిసిపోతాయి.

పదేపదే వినడం కూడా నమ్మకాన్ని పెంచుతుంది. 1977లో హాషర్, గోల్డ్‌స్టీన్, టొపినో అనే పరిశోధకులు రెండేసి వారాల ఎడంతో విద్యార్థులకి కొన్ని వాక్యాలు వినిపించారు. మళ్లీ మళ్లీ విన్న వాక్యాలను, అవి నిజమైనా కాకపోయినా, కొత్తవాటికంటే ఎక్కువ నిజమైనవిగా వాళ్లు భావించారు. పరిచయమైన మాటను అర్థం చేసుకోవడం మెదడుకి తేలిక. ఆ తేలికదనాన్నే అది నిజమనుకుంటుంది. ఇక ఏ కథ ముందుకు సాగుతుందన్నది భావోద్వేగం నిర్ణయిస్తుంది. 2001లో చిప్ హీత్ బృందం ఒకే కథకి రకరకాల రూపాలు తయారుచేసి ఇస్తే, అసహ్యం ఎక్కువ కలిగించిన రూపాన్నే ఇతరులకి చెప్తామని జనం అన్నారు.

ఈ ముడిసరుకంతా పుకారుగా మారడానికి ఏం కావాలో 1947లోనే ఆల్‌పోర్ట్, పోస్ట్‌మన్ తమ పుస్తకంలో సూత్రంగా చెప్పారు. విషయం మనకెంత ముఖ్యమో, అందులో ఎంత అస్పష్టత ఉందో, ఆ రెంటినీ గుణిస్తే వచ్చేది పుకారు బలం. రెంటిలో ఏది సున్నా అయినా పుకారు సున్నా. థీమ్ పార్కుకి ఈ లెక్క బాగా అతుకుతుంది. పిల్లలు, జ్ఞాపకాలు, పొదుపు చేసిన డబ్బు అన్నీ పెట్టి వెళ్లే చోటు కాబట్టి అది మనకి ముఖ్యం. యంత్రాలు కనబడకుండా దాచి మాయలా చూపించడమే పార్కు పని కాబట్టి అస్పష్టతకి లోటు లేదు.

మన హైదరాబాదు పక్కన రామోజీ ఫిల్మ్ సిటీ గురించి తిరిగే దయ్యాల కథలు కూడా ఈ సూత్రానికి లోబడినవే. ఒకప్పుడు అది నిజాం సైనికులు చనిపోయిన యుద్ధభూమి అని, అందుకే హోటలు గదుల్లో వింతలు జరుగుతాయని, సెట్టుల్లో లైట్లు ఊడి పడతాయని అంటారు. ఏ యుద్ధం, ఏ సంవత్సరం, ఎవరితో అని అడిగితే ఆ కథల్లో జవాబు దొరకదు. మెకర్డీ శవం విషయంలో పేరు, తేదీ, టికెట్టు, రసాయనం అన్నీ దొరికాయి. తేడా అక్కడుంది.

బూట్లు మార్చడం మరిచిపోయిన దొంగలు

ఇంతవరకు చెప్పుకున్న కథలు నమ్మినా పెద్ద నష్టం లేదు. ప్రాణాల మీదికి తెచ్చే కథ ఒకటి ఉంది. అమెరికా పార్కుల గురించి దశాబ్దాలుగా చెప్పుకునే ఆ కథ ఇలా సాగుతుంది. తల్లి ఒక్క క్షణం ఏమరగానే పాప కనబడదు. భద్రతా సిబ్బంది గేట్లు మూసి, వెళ్లే పిల్లల ముఖాలు గమనించమని తల్లికి చెబుతారు. కాసేపటికి, మత్తులో ఉన్న ఒక ‘అబ్బాయి’ని ఎవరో భుజాన వేసుకుపోతుంటారు. జుట్టు కత్తిరించి, రంగు వేసి, బట్టలు మార్చారు గానీ బూట్లు మార్చలేదు. ఆ బూట్లు చూసి తల్లి బిడ్డను గుర్తుపడుతుంది.

యూటా విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ హెరాల్డ్ బ్రన్‌వండ్ 1981 నుంచి ఇలాంటి ఆధునిక జానపద కథల్ని పుస్తకాలుగా సేకరించాడు. ఈ అపహరణ కథ కూడా వాటిలో ఉంది. ఊరు మారుతుంది, పార్కు మారుతుంది, బూట్లు మాత్రం మారవు. పేరున్న తల్లి, పోలీసు కేసు ఎక్కడా కనబడవు. సంస్థ పరువు కోసం కేసును తొక్కిపెట్టిందన్న మాట కూడా కథలోనే భాగంగా వస్తుంది, కాబట్టి ఆధారం లేకపోవడమే ఆధారంగా మారుతుంది. అమెరికా న్యాయశాఖ అధ్యయనం 1999లో, అపరిచితులో అంతగా పరిచయం లేనివాళ్లో పిల్లలను ఎత్తుకుపోయి తీవ్రమైన హాని తలపెట్టిన కేసులు దేశమంతటికీ కలిపి 115 అని అంచనా వేసింది. తప్పిపోయిన పిల్లల్లో అత్యధికులు ఇల్లు వదిలి వెళ్లినవాళ్లు, దారి తప్పినవాళ్లు, లేదా కుటుంబ తగాదాల్లో తల్లిదండ్రుల్లో ఒకరు తీసుకెళ్లినవాళ్లు.

తెలుగునేల మీద ఇదే భయం 2018లో ఎంత మూల్యం అడిగిందో మనం చూశాం. పార్థీ ముఠాలు, పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లు దిగారని వాట్సాప్‌లో సందేశాలు వెల్లువెత్తాయి. బైకు మీద వచ్చి బిడ్డను ఎత్తుకుపోయే ఒక వీడియో దేశమంతా తిరిగింది. అది కరాచీలో పిల్లల భద్రత గురించి అవగాహన కోసం తీసినది. చివర్లో బిడ్డను తిరిగి అప్పగించే భాగాన్ని ఎవరో కత్తిరించేశారు. ఆ మే నెలలో హైదరాబాదులోని చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని గుంపు కొట్టి చంపింది. జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో అయిదుగురిని చంపారు. వీళ్లలో ఎవరూ పిల్లల దొంగలు కారు. ఆ జూలైలోనే వాట్సాప్ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి అయిదు చాట్‌లకి మించి పంపకుండా పరిమితి పెట్టింది.

అదే సమయంలో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి మరో దారి పట్టారు. గద్వాల, వనపర్తి ప్రాంతాల్లో 400కి పైగా గ్రామాలకి పోలీసుల్ని పంపారు. డప్పు వాయిస్తూ, పాటలు కట్టి పాడుతూ, ఆ వీడియోలు ఎక్కడివో, ఎందుకు నమ్మకూడదో ఊరి మధ్య చెప్పించారు. ఆల్‌పోర్ట్, పోస్ట్‌మన్ సూత్రం ఇక్కడ అచ్చంగా పనిచేసింది. పిల్లల భద్రత ముఖ్యం కాదని ఏ తల్లికీ ఎవరూ చెప్పలేరు. తగ్గించగలిగినది అస్పష్టతను. దాన్ని తగ్గించడానికి తెలిసిన ముఖం, తెలిసిన భాష, ఊళ్లోనే అడగగలిగే మనిషి కావలసి వచ్చారు.

కాబట్టి ఒక కథ మనదాకా వచ్చినప్పుడు దాన్ని మూడు ప్రశ్నలతో పరీక్షించవచ్చు. పేరు, తేదీ, చోటు మూడూ ఉన్నాయా, వాటిని వేరేచోట సరిచూడగలమా? చెప్పినట్టు జరగడానికి ప్రకృతి నియమాలు ఒప్పుకుంటాయా? ఇదే కథ ఊరి పేరు మాత్రం మారి ఇంతకుముందు వచ్చిందా? డిస్నీ మంచు కథ మొదటి రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోతుంది, బూట్ల కథ మొదటిదానికీ మూడోదానికీ తట్టుకోలేదు. మెకర్డీ కథ మూడింటినీ దాటుతుంది. నమ్మకపోవడం అలవాటు చేసుకోమని కాదు దీని అర్థం. అన్నీ కొట్టిపారేసేవాడు మెకర్డీని కూడా బొమ్మగానే వదిలేసేవాడు.

పిల్లలతో పార్కుకో జాతరకో వెళ్లేవాళ్లకి అక్కరకొచ్చే జాగ్రత్తలు పుకార్లలో ఉండవు. రద్దీలో పిల్లలు నిజంగానే తప్పిపోతారు. ఎవరూ ఎత్తుకుపోక్కర్లేదు, చెయ్యి వదిలితే చాలు. చిన్నపిల్లల చేతి మీద పెన్నుతో ఫోన్ నంబరు రాయండి. లోపలికి వెళ్లగానే వాళ్ల ఫొటో ఒకటి తీయండి, ఆ రోజు వేసుకున్న బట్టలు అందులో ఉంటాయి. తప్పిపోతే యూనిఫాం వేసుకున్నవాళ్ల దగ్గరికి వెళ్లమని, అక్కడే ఉండమని నేర్పండి. పిల్లలు ఆపదలో ఉన్నారని అనుమానం వస్తే 1098కి ఫోన్ చేయండి. మీ గ్రూపులో ఎవరైనా పిల్లల దొంగల వీడియో పెడితే, ఇంకొకరికి పంపకుండా ఆపి, దాని కింద ఈ నంబరు రాయండి.